బోదె మీద గడియారం

నాకు గడియారం చూడ్డం నేర్పింది మా పెదనాన్న. అదీ తన చేతి వాచీ మీద. రోజూ పొద్దున్నే అరుగు మీద రేడియో పెట్టుకుని, వార్తలకి ముందు టైము చెబుతూ వచ్చే పిప్పుల కోసం చెవి ఒగ్గి కూచునేవాడు. ఆ పిప్పుల్లో చివరిది కాస్త పొడుగ్గా మోగుతుంది. సరిగ్గా దానికి ముల్లు కలిపి, కీ ఇచ్చి, వాచీ చేతికి పెట్టుకునేవాడు. అప్పుడు గానీ కాఫీ గ్లాసు ముట్టేవాడు కాదు. ఇంతా చేసి ఆయన వెళ్లేది ఏ ఆఫీసుకో కాదు, చేలోకి. వరికి సెకన్లతో పనేంటి పెదనాన్నా అని అడిగితే, "వరికి లేకపోతే పోయె, నాకుంది" అనేవాడు. అది వట్టి మొండి సమాధానం అనుకునేదాన్ని. పెద్దయ్యాక నేనే సెకన్ల వెంటపడి తిరిగే ఉద్యోగంలో చేరాను కాబట్టి ఇప్పుడు అలా అనుకోను.

మా ఊరు రామచంద్రపురానికి దగ్గర్లో ఉంటుంది. కాలవ గట్టుకి ఒక తూము, ఆ తూములోంచి చేలకి వచ్చే చిన్న పంట కాలవ. దాన్ని మేం బోదె అంటాం. మా బోదె ముందు పెదనాన్న చేను పక్కగా వచ్చి, తర్వాత మా చేలో ఆగిపోతుంది. తాతగారు పంచినప్పుడు పెద్దవాడికి పైచేను, చిన్నవాడికి దిగువ చేను వచ్చాయి. దిగువ చేను వచ్చిందని మా నాన్న ఏనాడూ బాధపడలేదు. ఎండాకాలంలో కూడా గోదావరి నీళ్లు బోదె నిండా వచ్చే రోజులవి. అన్ని నీళ్లుంటే పైనేంటి, కిందేంటి.

అన్నదమ్ములిద్దరికీ మాటలు పోయింది నీళ్ల మీద కాదు, గట్టు మీద. రెండు చేల మధ్య గట్టుని పెదనాన్న కూలీలు మా వైపు చెక్కేశారని నాన్న అన్నాడు. పాము పడుకోడానికి కూడా చాలనంత సన్నబడిపోయిందన్నాడు. పెదనాన్న వచ్చి చూసి, "గట్టు బాగానే ఉంది, నీ కళ్లజోడు మార్చుకో" అన్నాడు. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని నేను చాలాసార్లు అమ్మని అడిగాను. లేదు.

అప్పట్నుంచీ నాన్న నోటివెంట అన్నయ్య అన్న మాట రాలేదు. "పైచేనాయన" అనేవాడు. పైచేనాయన ఎరువు తెచ్చాడట, పైచేనాయనకి దగ్గు తగ్గలేదట. వార్తలన్నీ కావాలి, మనిషి మాత్రం అక్కర్లేదు. అమ్మా, పెద్దమ్మా ఈ గొడవని అసలు లెక్కచెయ్యలేదు. రెండిళ్ల మధ్య గోడ మీంచి కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. పైచేనాయన ఇంటి పనసపొట్టు కూర నాన్న రెండోసారి వడ్డించుకునేవాడు కూడా. నేను ఎప్పటిలాగే పొద్దున్న కాఫీ మా ఇంట్లో, రెండో కాఫీ పెదనాన్న అరుగు మీద తాగేదాన్ని.

నేను కాకినాడలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరంలో ఉండగా దాళ్వాకి నీళ్లు తక్కువయ్యాయి. దాళ్వా అంటే మాకు ఎండల్లో పండే రెండో పంట. ఆ ఏడు గోదావరిలోనే ఇసుక తేలింది. కాలవలకి వంతులు పెట్టారు. మా తూము పొద్దున్న ఆరింటికి తీసి, సాయంత్రం ఆరింటికి మూసేసేవాళ్లు. ఆ పగటి నీళ్లని ఇద్దరన్నదమ్ములూ సగం సగం వాడుకోవాలి. మధ్యాహ్నం పన్నెండు దాకా మాది, తర్వాత పెదనాన్నది. ఈ ఒప్పందం కుదిరింది అన్నదమ్ముల మధ్య కాదు. గోడకి ఇటు అమ్మ, అటు పెద్దమ్మ నిలబడి కుదిర్చారు.

వంతు మార్చేది మాత్రం ఎప్పుడూ పైచేను మనిషే. బోదెకి అడ్డంగా మట్టి వేసి, తన చేలోకి నీళ్లు మళ్లించుకోవాల్సింది ఆయనే కదా. అందుకని ఆయన వాచీలో ఎంతైతే అంతే టైము. ఇది మా వైపు వాడుక. దిగువ చేను వాళ్లు పైవాళ్ల వాచీని నమ్ముకుని బతకాలి. అన్నదమ్ములు మాట్లాడుకునే రోజుల్లో ఇందులో తప్పేమీ కనపడదు.

మా నాన్న పక్క ఊళ్లో లెక్కల మాష్టారు. మధ్యాహ్నం పన్నెండింటికి ఆయన బళ్లో నల్లబోర్డు ముందు ఉంటాడు. సాయంత్రం సైకిలు దిగీ దిగగానే చేలోకి వెళ్లి, కింది మడుల్లో నీళ్లు చాలక నేల నెర్రెలివ్వడం చూసి, ముఖం ముడుచుకుని వచ్చేవాడు. చేను అప్పుడు పొట్ట మీద ఉంది. అంటే కంకి ఇంకా బయటికి రాకుండా మొక్క లోపలే ఉబ్బి ఉండే సమయం. ఆ కొద్ది రోజులు నీళ్లు తప్పితే తర్వాత ఎన్ని పెట్టినా తాలే, గింజ ఉండదు.

"పైచేనాయన పన్నెండు కాకుండానే కట్టేస్తున్నాడు" అన్నాడు నాన్న ఒక రోజు భోజనాల దగ్గర. "నీటి సంఘం పెద్దల్లో పెడతాను."

"మీరు చూశారా?" అంది అమ్మ.

"నేను బళ్లో ఉంటే ఎలా చూస్తాను?"

"ఆదివారం వెళ్లి చూడండి మరి."

"అన్న మీద తమ్ముడు కాపలా కూచున్నాడని ఊరంతా చెప్పుకోడానికా?"

పెద్దల దగ్గర పెడితే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. గట్టు గొడవైతే ఎప్పటికో అప్పటికి పాతబడిపోతుంది. నీళ్ల దొంగ అని పదిమందిలో అనిపించుకున్నాక పెదనాన్న మళ్లీ మా గడప తొక్కడు. గోడ మీద గిన్నెలు కూడా ఆగిపోతాయి. నా రెండో కాఫీ సంగతి సరేసరి. నాకు ఒళ్లు మండిపోయింది. గట్టు గురించి ఎన్నయినా అనుకోనీ, పెదనాన్న దొంగ అంటే మాత్రం నేను ఒప్పుకోను.

అప్పటికి క్లాసులైపోయి ప్రాజెక్టు కోసమే ఇంటి దగ్గర ఉన్నాను, అదింకా తేలలేదు. మా లెక్చరరు ట్రాఫిక్ లైట్లు చెయ్యమన్నారు. మా బ్యాచిలో అప్పటికే ముగ్గురు ట్రాఫిక్ లైట్లు చేస్తున్నారు. మా ఊళ్లో ట్రాఫిక్ అంటే ఆటోకి గేదె ఎదురు రావడం. నేను ఆ రాత్రి భోజనాల దగ్గరే చెప్పేశాను. "బోదెలో నీళ్లు ఎప్పుడొచ్చాయో ఎప్పుడు పోయాయో దానంతట అదే రాసుకునే మిషను పెడతాను నాన్నా. అది చెప్పాక పెద్దల దగ్గరికి వెళ్లండి." నాన్న సంతోషంగా ఒప్పుకున్నాడు. మనుషుల మాట నమ్మకపోయినా అంకెల మాట నమ్ముతాడు ఆయన. ఆ అంకెలు పెదనాన్న వైపే ఉంటాయని నా ధైర్యం.

ఆ రోజుల్లో మా కాలేజీలో ప్రాజెక్టు అంటే అందరి చేతుల్లోనూ ఒకటే చిప్పు. ఎయిటీ ఫిఫ్టీవన్ అనేవాళ్లం. నలభై కాళ్లతో నల్లగా జెర్రిలా ఉంటుంది. ఏం చెయ్యాలో వరసగా రాసి, ల్యాబులో ఉన్న బర్నరు అనే పెట్టెలో పెట్టి ఎక్కిస్తే, బ్యాటరీ తగిలించిన క్షణం నుంచీ అదే పని చేస్తూ ఉంటుంది. దాని పక్కనే క్రిస్టల్ అని చిన్న రేకు బిళ్ల. అది సెకనుకి కోటీ ఇరవై లక్షల సార్లు కొట్టుకుంటుంది, ఆ దెబ్బల లెక్క మీదే చిప్పు నడుస్తుంది. నాకు కావలసింది పది నిమిషాలకోసారి నీళ్ల మట్టం కొలిచి గుర్తుపెట్టుకోవడం. ఇంత వేగం ఉన్నదానికి ఇదొక పనా అనుకున్నాను.

అక్కడే బోల్తా పడ్డాను. దాన్ని పరుగెత్తించడం తేలిక. పది నిమిషాలు ఊరికే కూచోబెట్టి, సరిగ్గా పదో నిమిషం నిండగానే లేపడం చచ్చే చావు. చిప్పు లోపల లెక్కపెట్టడానికి టైమరు అని ఒక భాగం ఉంటుంది గానీ, మనం రెప్ప వేసి తీసేలోపే అది నిండిపోయి మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది. పది నిమిషాలంటే దానికి ఒక యుగం. అచ్చంగా టైము చెప్పడానికే విడిగా ఇంకో చిప్పు ఉంటుందని చదివాను. కాకినాడలో సామాను అమ్మే షాపాయన్ని అడిగితే, "హైదరాబాదు నుంచి రావాలండి, నెల పడుతుంది" అన్నాడు. నెల ఆగితే చేను కోతకొచ్చేస్తుంది. సులువు దారి పట్టాను. ఏ పనీ చెయ్యకుండా వట్టి అంకెలు లెక్కపెట్టుకుంటూ కూచోమని చిప్పుకి రాశాను. ఇంత దాకా లెక్కపెట్టు, లేచి నీళ్లు కొలువు, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టు.

నీళ్లు కొలవడానికి ఫ్లష్ ట్యాంకులో తేలే ప్లాస్టిక్ బంతి తెచ్చాను. దానికో కడ్డీ, కడ్డీ చివర రేడియోలో సౌండు పెంచే నాబ్ లాంటిది. నీళ్లు లేస్తే బంతి లేస్తుంది, నాబ్ తిరుగుతుంది, చిప్పుకి అందే అంకె మారుతుంది. నీళ్ల కదలికకి బంతి ఊగుతూ ఉంటుంది కాబట్టి, కొలిచినప్పుడల్లా కొన్ని సెకన్లపాటు వరసగా కొలిచి సగటు తియ్యమన్నాను. బటను నొక్కితే చిన్న తెర మీద రెండు టైములు కనపడతాయి, నీళ్లు వచ్చిన టైమూ, పోయిన టైమూ. అన్నిటినీ అమ్మ పచ్చడి డబ్బాలో పెట్టి, మూత చుట్టూ లప్పం మెత్తాను. ఆ డబ్బాని ఎన్నిసార్లు కడిగినా ఆవకాయ వాసన పోలేదు. చివరికి వైవాలో కూడా ఆ వాసన గుప్పుమంది.

శనివారం సాయంత్రం బోదె పక్కన, మా చేను మొదట్లో దాన్ని ఒక వాసానికి కట్టి పాతుతుంటే పెదనాన్న వచ్చాడు.

"ఏంటే అమ్మడూ ఇది?"

"నీళ్లు కొలిచే మిషను పెదనాన్నా. కాలేజీ పని."

"వాసం అలా పైపైన పాతితే ఎలా? గేదెలు వచ్చి వీపు రుద్దుకుంటాయి." నా చేతిలో సమ్మెట తీసుకుని, వాసాన్ని లోతుగా దిగగొట్టి, చుట్టూ మట్టి తొక్కి, ఊపి చూసి మరీ వెళ్లాడు. ఎందుకు పెడుతున్నావని గానీ, ఎవరు పెట్టమన్నారని గానీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో అని నేను పొద్దుట్నుంచీ జవాబు కూడబలుక్కుంటూ ఉన్నాను. అడక్కపోవడం ఇంకా కష్టంగా అనిపించింది.

మర్నాడు ఆదివారం. సాయంత్రం బటను నొక్కితే, నీళ్లు పోయిన టైము పన్నెండు దాటాక చూపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న మాత్రం ఏమాత్రం తొణకలేదు. "నువ్వు మిషను పెట్టడం చూశాడుగా, అందుకే బుద్ధిగా ఉన్నాడు. నాలుగు రోజులు పోనీ" అన్నాడు. సోమవారం పన్నెండు చూపించింది. మంగళవారం పన్నెండుకి ముందే. బుధవారం ఇంకొంచెం ముందు. నాన్న అన్నట్టే, ఎవరూ చూడట్లేదని రోజురోజుకీ ధైర్యం వచ్చినట్టే ఉంది ఆ వరస చూస్తే. గురువారం పదకొండుంపావు దాటగానే నీళ్లు ఆగిపోయాయని చూపించింది.

నాన్న నన్ను మెచ్చుకున్నాడు. అంతగా మెచ్చుకోవడం నేను పుట్టాక అదే మొదటిసారి. "చూశావా, నీ చదువు ఎంత పనికొచ్చిందో" అన్నాడు. ఆదివారం సాయంత్రం కూచుందామని పెద్దలకి కబురు కూడా పంపేశాడు. నేను అన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు. నిజంగానే ఏడుపొచ్చింది. నేను చేసిన డబ్బా, నేను పాతిన వాసం, అదీ ఆయన దిగగొడితే నిలబడ్డ వాసం, ఆయన్నే దొంగని చేసి కూచుంది.

"నీళ్లు ఎప్పుడొస్తున్నాయిట?" అంది అమ్మ, చారు పోస్తూ.

"అదెందుకు? పోయేది ముఖ్యం" అన్నాడు నాన్న.

"ఊరికే అడిగాను."

నేను చెప్పాను. ఇవాళ ఐదున్నర కాకుండానే వచ్చేశాయి అని.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఆగింది. తర్వాత నవ్వింది. "మన లస్కరా? ఐదింటికి లేచి తూము తీశాడా? ఆయన తన పెళ్లికే ఆలస్యంగా వెళ్లాడు."

లస్కరు అంటే తూము తీసి మూసే మనిషి. ఆరింటికి తియ్యాల్సిన తూముని ఆయన ఆరుంపావుకి తీస్తే ఆ రోజు త్వరగా వచ్చినట్టు లెక్క. నేను చేయి కడుక్కుని పెరట్లోకి వెళ్లి కూచున్నాను. నీళ్లు పోవడమే కాదు, రావడం కూడా రోజురోజుకీ ముందుకి జరుగుతోంది. రెండూ ఒకే లెక్కన జరుగుతున్నాయి. నీళ్లు దొంగిలించేవాడు ముందుగా కడతాడు గానీ, ముందుగా పంపించడు కదా. తప్పు తూము దగ్గరా లేదు, పెదనాన్న అడ్డుకట్ట దగ్గరా లేదు, పచ్చడి డబ్బాలో ఉంది.

అర్థమయ్యాక చాలా చిన్న సంగతి. చిప్పు పది నిమిషాలు లెక్కపెట్టి లేచి, కొన్ని సెకన్లు నీళ్లు కొలిచి సగటు తీసి, మళ్లీ మొదటినుంచి లెక్క మొదలుపెడుతోంది. ఆ కొలిచే సెకన్లని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. గుళ్లో ప్రదక్షిణాలు చేస్తూ ప్రతి చుట్టుకీ ఆగి ఎవరితోనో కబుర్లాడి, ఇంటికొచ్చి ఇన్నే చుట్లు కాబట్టి ఇంతే సేపు పట్టిందని చెప్పినట్టు. నేను ల్యాబులో ఒక గంటసేపే పరీక్షించాను. గంటలో పోయిన అర నిమిషం ఎవరికి కనపడుతుంది? రోజంతా కలిస్తే పన్నెండు నిమిషాలు, వారం తిరిగేసరికి గంట దాటిపోతుంది. నా గడియారం రోజురోజుకీ వెనకబడిపోతూ, ఊరంతా ముందుకి జరిగిపోతోందని చెబుతోంది.

శుక్రవారం డబ్బా విప్పుకుని కాకినాడ బస్సెక్కాను. ఈసారి చిప్పుని ఊరికే అంకెలు లెక్కపెడుతూ కూచోమనలేదు. లోపలి టైమరుకే ఆ పని అప్పగించాను. అది నిండగానే ఎవరూ చెప్పక్కర్లేకుండా తనంతట తనే మళ్లీ మొదలవుతుంది. చిప్పు నీళ్లు కొలుస్తున్నా, సగటు తీస్తున్నా, తెర మీద అంకెలు రాస్తున్నా, అది మాత్రం ఆగదు. నిండిన ప్రతిసారీ చిప్పుని ఒక్క క్షణం తట్టి, ఇంకొకటి రాసుకో అంటుంది. అలా రాసుకున్నవి పోగై సెకను, సెకన్లు పోగై పది నిమిషాలు. మధ్యలో ఎంత పనున్నా లెక్కలోంచి ఏదీ జారిపోదు. రాసింది తక్కువే, కానీ ఒక్కో వరసా రెండేసి సార్లు సరిచూసుకున్నాను. ఇది కూడా తప్పైతే ఆదివారం లోపు ఇంకోసారి కాకినాడ రావడం కుదరదు.

సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటే, పెదనాన్న పద్ధతి. సెకనుకోసారి వెలిగేలా ఒక చిన్న ఎర్ర బల్బు పెట్టి, శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి వార్తల ముందు చివరి పిప్పుకి మిషను మొదలుపెట్టాను. శనివారం పొద్దున్న మొదటి వార్తలకి మళ్లీ రేడియో పక్కన పెట్టుకుని కూచున్నాను. చివరి పిప్పు మోగింది, బల్బు వెలిగింది. రెండింటికీ మధ్య నా చెవికీ కంటికీ అందే తేడా లేదు. నెల తర్వాత వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, టైము సరిగ్గా ఉందని ఎలా తెలుసుకున్నావమ్మా అని అడిగితే, రేడియో పిప్పులతోనండీ అన్నాను. ఆయన నవ్వారు. ఇప్పుడు నేను పని చేసే చోట ఖరీదైన పరికరాలున్నాయి, టైము ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి వస్తుంది. అయినా కొత్త పరికరం వచ్చినప్పుడల్లా నాకు ఆ ఎర్ర బల్బే గుర్తొస్తుంది.

శనివారం పిప్పు అవగానే పరుగెత్తి, బోదెలోకి నీళ్లు రాకముందే డబ్బాని మళ్లీ వాసానికి కట్టేశాను. సాయంత్రం నాన్నా నేనూ వెళ్లి బటను నొక్కాం. నీళ్లు వచ్చింది ఆరుంపావు దాటాక. అమ్మ అన్న లస్కరే, అనుమానం లేదు. నీళ్లు పోయింది పన్నెండూ ఇరవైకి.

నేను మళ్లీ నొక్కాను. పన్నెండూ ఇరవై.

"పాడైందా ఏంటి నీ మిషను?" అన్నాడు నాన్న.

జరిగిందంతా చెప్పాను. సెకన్లు ఎలా జారిపోయాయో, రెండు టైములూ ఎలా కలిసి జరిగాయో గట్టు మీద పుల్లతో గీసి చూపించాను. లెక్కల మాష్టారు కదా, రెండో గీతకే ఆయనకి అర్థమైపోయింది. కానీ అర్థమవడం వేరు, ఒప్పుకోవడం వేరు. "ఎవరైనా తన వంతులోంచి నీళ్లు ఎందుకు వదులుతారు? ఇది కూడా తప్పే అయ్యుంటుంది" అన్నాడు.

"అయితే రేపు ఆదివారమే కదా. పదండి, చూద్దాం."

"అన్న మీద కాపలా..."

"పెద్దల్లో పెట్టడం కన్నా కాపలాయే నయం నాన్నా" అన్నాను. ఆయనతో అంత గట్టిగా మాట్లాడటం నాకూ కొత్తే. కానీ ఆ పూట నాకు భయం వెయ్యలేదు.

ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం మా కళ్లం దిబ్బ మీద గడ్డిమేటు వెనక కూచున్నాం. ఎండ కణకణలాడుతోంది. బోదె దగ్గర పెదనాన్న తలకి తువ్వాలు చుట్టుకుని, పక్కన పార పెట్టుకుని గట్టు మీద కూచుని ఉన్నాడు. పన్నెండింటికి రైసు మిల్లు సైరను మోగింది. ఊరవతల దాకా వినపడే సైరను అది. పెదనాన్న వాచీ చూసుకున్నాడు. నాన్న నా వైపు చూశాడు, ఇప్పుడు లేస్తాడు చూడు అన్నట్టు.

పెదనాన్న లేచాడు. పార మాత్రం తీసుకోలేదు. గట్టు వెంబడి నడుచుకుంటూ మా చేలోకి వచ్చి, నెర్రెలిచ్చిన కింది మడి దగ్గర వంగాడు. ఒక దుబ్బు పట్టుకుని, మొక్క పొట్టని రెండు వేళ్లతో నొక్కి చూశాడు. లోపల కంకి ఎంత ఎదిగిందో అలాగే చూస్తారు. ఇంకో దుబ్బు చూశాడు. నీళ్లు ఎక్కడిదాకా పాకాయో చూసి, కాలితో ఒక మట్టిపెడ్డ పక్కకి తన్ని నీళ్లకి దారి చేశాడు. మళ్లీ వెళ్లి తన చోట కూచున్నాడు. ఆయన వెనక ఆయన చేను కూడా నీళ్ల కోసమే చూస్తోంది. అలా కూచునే ఉన్నాడు. మాకు అది చాలా సేపు. చివరికి మళ్లీ వాచీ చూసుకుని, పార తీసుకుని బోదెకి అడ్డంగా మట్టి వేశాడు.

నాన్న కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నాడు. "ఆవిడకి చెప్పు, ఇవాళ పెద్దలకి కాఫీలవీ అక్కర్లేదని" అన్నాడు నాతో. ఆవిడ అంటే అమ్మ.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని పెదనాన్న ఇంటికి వెళ్లాడు. ఏడాది తర్వాత ఆ అరుగెక్కడం. ఎక్కి స్తంభం పక్కన నిలబడ్డాడు. పెదనాన్న అటు తిరిగి కొబ్బరి మట్టలు చీలుస్తున్నాడు. చివరికి నాన్న గుమ్మంలో ఉన్న పెద్దమ్మని చూసి, "వదినా, పన్నెండు దాటాక కూడా మా చేలోకి నీళ్లొస్తున్నాయి. ఎందుకొస్తున్నాయో కనుక్కో" అన్నాడు.

పెదనాన్న తల ఎత్తకుండానే, "వాచీ స్లో అయిందని చెప్పు" అన్నాడు పెద్దమ్మతో.

పెద్దమ్మ ఇద్దరి వైపూ చూసి, "నేనేం చెప్పను? ఇద్దరికీ చెవులున్నాయిగా" అని లోపలికి వెళ్లిపోయింది.

పెదనాన్న వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు. "ఇంజనీరువి కదే, చూడు ఏమైందో."

ఆ వాచీని ఆ రాత్రి నా తలగడ పక్కనే పెట్టుకున్నాను. పొద్దున్నే మొదటి వార్తలకి మా రేడియో దగ్గర కూచుని, ముల్లు మీద చూపు నిలిపాను. చివరి పిప్పు పొడుగ్గా మోగింది. సెకన్ల ముల్లు సరిగ్గా పన్నెండు మీద ఉంది. నాన్న వెనకే నిలబడి ఉన్నాడని పిప్పు ఆగాక గానీ నాకు తెలీలేదు. ఆయన కూడా చూశాడు.

బడికి వెళ్లేముందు నాన్నా నేనూ వాచీ తీసుకుని వెళ్లాం. పెదనాన్న అరుగు మీద రేడియో పక్కన ఉన్నాడు. తర్వాతి వార్తలకి టైము కావస్తోంది.

"ఏమైందే?" అన్నాడు.

"స్లోగానే ఉంది పెదనాన్నా. ఇరవై నిమిషాలు." కొన్ని సెకన్ల తప్పుకి కాకినాడ దాకా పరుగెత్తినదాన్ని, ఆ మాట తడుముకోకుండా చెప్పాను. "బాగుచెయ్యమంటారా?"

జవాబు నాన్న చెప్పాడు. నాకు కాదు, ఆయనకే.

"వద్దులే అన్నయ్యా. దాళ్వా అయ్యేదాకా అలాగే ఉండనీ."

పెదనాన్న తమ్ముడి వైపు చూశాడు. "అలాగే లేరా" అన్నాడు. వాచీ చేతికి పెట్టుకుని, పిప్పులు మొదలవకముందే చెయ్యి చాపి రేడియో కట్టేశాడు.